తిన్నింటి వాసాలు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పని మనకు చిన్నప్పటి నుంచీ చెప్తారు. అన్నం పెట్టిన ఇంట్లో కూర్చుని పైకప్పు వైపు చూసి ఎన్ని వాసాలున్నాయో లెక్కపెట్టేవాడు కృతఘ్నుడని, రేపు ఆ ఇంటికే కన్నం వేస్తాడని ఆ సామెత భావం. అయితే ఆ సామెతలో ఉన్నది అతిథి. వచ్చి, తిని, వెళ్లిపోయేవాడు. మరి ఆ ఇంట్లోనే నాలుగేళ్లు ఉండాల్సిన మనిషి సంగతేమిటి? ఆ కప్పు కిందే నిద్రపోవాల్సిన మనిషి ఏ వాసం పుచ్చిందో చూసుకోవద్దా? చూసి, పుచ్చిందని పైకి చెబితే అది కృతఘ్నత అవుతుందా?

ఈ ప్రశ్న నా ముందుకు ఒక అమ్మాయి రూపంలో వచ్చింది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో కొండగట్టు స్టేజీకి దగ్గర్లోని ఊరు ఆమెది. వరసకు నాకు చెల్లెలు. వాళ్లింట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి. చదివింది ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ కాలేజీ కాదది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ పేరు తీసేసి మరో పేరు పెట్టినా విషయం పెద్దగా మారదు కాబట్టి.

ఆమె చివరి సంవత్సరంలో ఉండగా కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ ఒకటి తనిఖీకి వచ్చింది. కమిటీ విద్యార్థులతో విడిగా మాట్లాడుతుంది. అందుకోసం ఆఫీసువాళ్లు పన్నెండు మందిని ఎంపిక చేశారు. మంచి మార్కులున్నాయి, బెదరకుండా మాట్లాడుతుంది, చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చింది, పైగా ఆడపిల్ల. ఇన్ని అర్హతలున్నందుకు జాబితాలో ఈమె పేరు మొదట ఉంది. ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేసింది. "అక్కా, అబద్ధం చెప్పుడు అవసరం లేదంట. అడిగినదానికి మంచిగున్నది చెప్పి, తక్కింది ఊకుంటె సాలంట. నేనేం జెయ్యాలె?" అని అడిగింది.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. మౌనం గురించి, స్త్రీల మౌనం గురించి, సెమినార్లలో పత్రాలు సమర్పించినదాన్ని. కానీ ఆ రాత్రి ఆ పిల్ల అడిగిన ప్రశ్న ముందు ఆ పత్రాలేవీ సూటిగా పనికిరాలేదు. ఎందుకంటే ఆమె నన్ను మౌనమంటే ఏమిటని అడగలేదు. రేపు పదకొండు గంటలకు నోరు తెరవాలా వద్దా అని అడిగింది.

ముందు ఆమె లెక్కపెట్టిన వాసాలేమిటో చెప్పాలి. రెండో సంవత్సరంలో ఒక ముఖ్యమైన సబ్జెక్టుకి రెండున్నర నెలలు లెక్చరర్ లేడు. ఉన్నాయన మంచి జీతం వచ్చిందని హైదరాబాద్ వెళ్లిపోయాడు. టైంటేబుల్‌లో మాత్రం ఆ పీరియడ్ అలాగే ఉంది, హాజరు పడుతూనే ఉంది. ఆ సబ్జెక్టుని పిల్లలు ఫోన్లలో వీడియో పాఠాలు చూసి నేర్చుకున్నారు. ల్యాబ్‌లో పదిహేను మందికి ఒక పరికరం. తనిఖీకి వారం ముందు మాత్రం కొత్త పరికరాలు వచ్చాయి, కొత్త ముఖాలు కూడా వచ్చాయి. 'వీళ్లు మీ సార్లు, పేర్లు గుర్తుపెట్టుకోండి' అన్నారు. సెమిస్టర్ చివర పాఠం ఎలా చెప్పారో అభిప్రాయం రాయమని కాగితం ఇస్తారు, దాని మీద హాల్ టికెట్ నంబర్ వేయాలి. బాత్రూంలో నీళ్లు రావని ఆడపిల్లలు రాసిచ్చిన అర్జీ ఆఫీసులో ఎక్కడో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి ముందు మీరు కట్టండి, లేకపోతే సర్టిఫికెట్లు ఇవ్వం అని సీనియర్లను తిప్పడం ఈమె కళ్లారా చూసింది.

వాసాల లెక్క అక్కడితో ఆగలేదు. గట్టివి కూడా లెక్కపెట్టింది. మొదటి ఏడాది గణితం చెప్పిన మేడం సాయంత్రం బస్సు వచ్చేదాకా కూర్చుని లెక్కలు చేయించేది. మరో సార్ ప్రతి పిల్లనూ రోల్ నంబరుతో కాకుండా పేరు పెట్టి పిలిచేవాడు. క్లాసు చిన్నది కాబట్టి ఒకరు రాకపోతే తెలిసిపోయేది, ఎందుకు రాలేదని అడిగేవాళ్లుండేవారు. లైబ్రరీలో జనం ఉండరు కాబట్టి కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ ఈమెదే. ఇంట్లో ఆమెకు అలాంటి కుర్చీ లేదు. "ఆ కాలేజీ లేకపోతే నా పెండ్లి గిట్ల అయిపోతుండె అక్కా" అంది. ఆమె ప్రశ్నలోని బరువంతా ఆ మాటలోనే ఉంది. చెడు చేసిన చోటు గురించి చెడు చెప్పడం కష్టం కాదు. మేలు చేసిన చోటు గురించి నిజం చెప్పడమే కష్టం.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఒక ఆడపిల్ల ఇంజనీరింగ్ చదవాలంటే చాలాకాలం వరంగల్లో 1959లో పెట్టిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీనో హైదరాబాదునో చూడాల్సి వచ్చేది. 1990ల చివరి నుంచి కరీంనగర్ చుట్టూ ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. 2007లో జేఎన్‌టీయూ తన సొంత కాలేజీని కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాది, 2008లో, విశ్వవిద్యాలయమే విడిపోయి ఈ కాలేజీ హైదరాబాద్ జేఎన్‌టీయూ కిందకు వచ్చింది. అదే కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చింది. ఆ ఏడాదే బాసరలో రాజీవ్ గాంధీ పేరిట ట్రిపుల్ ఐటీ వచ్చింది, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని ఆరేళ్ల చదువుకి తీసుకుంది. రెండు మూడేళ్ల వ్యవధిలో ఇన్ని తలుపులు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలిగే దూరంలో కాలేజీ ఉండటం ఆడపిల్లల విషయంలో సౌకర్యం మాత్రమే కాదు. చాలా ఇళ్లలో చదువుకి అనుమతి దొరికేది ఆ కిలోమీటర్ల లెక్క మీదే.

కానీ ఈ తలుపులు తెరుచుకున్నప్పుడు వాటి గురించి ఏ భాషలో మాట్లాడారో గుర్తు చేసుకుందాం. 'మా ప్రాంతానికి కాలేజీ ఇచ్చారు.' 'పేదపిల్లలకు ఉచితంగా చదువు పెట్టారు.' ఇచ్చారు, పెట్టారు. పెట్టడమనే మాట అన్నానికి వాడేది. ఆ మాట వాడగానే విద్యార్థి అతిథి అయిపోతుంది, సామెత వెంటనే అమల్లోకి వస్తుంది. పెట్టినవాడి ఇంట్లో వాసాలు చూడకూడదు. నిజానికి ఇంజనీరింగ్ విద్యార్థికి చాలాకాలం ఏడాదికి 35,000 రూపాయల పరిమితితో ప్రభుత్వం కట్టిన ఫీజు ఎవరి జేబులోంచీ వచ్చింది కాదు. అది ప్రజల సొమ్ము. ఆ అమ్మాయి తండ్రి వరి పండించి, తల్లి బీడీలు చుట్టి, కొన్న ప్రతి వస్తువు మీదా కట్టిన పన్నులు అందులో ఉన్నాయి. తన సొమ్ముతో కట్టిన ఇంట్లో తాను అతిథి ఎలా అవుతుంది?

ఉపకారం, బాధ్యత అనే రెండు మాటల మధ్య తేడా గురించి రోమన్ తత్వవేత్త సెనెకా ఉపకారాల మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. బానిస యజమానికి చేసేదాన్ని ఉపకారం అనవచ్చా అని కూడా అందులో చర్చించాడు. ఈ తేడా మనకు ముఖ్యం. చేయకపోయినా ఎవరూ అడగలేనిది చేస్తే ఉపకారం. చేయాల్సినది చేస్తే బాధ్యత. బస్సు వచ్చేదాకా కూర్చుని లెక్కలు చేయించిన మేడం చేసింది ఉపకారం. ఆమె పట్ల మా చెల్లెలికి కృతజ్ఞత ఉంది, ఉండాలి కూడా. సబ్జెక్టుకి లెక్చరర్‌ని పెట్టడం, నీళ్లు వచ్చేలా చూడటం, సర్టిఫికెట్ ఇవ్వడం ఉపకారాలు కావు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగానే ఆదేశాలిచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని ఏఐసీటీఈ లెక్క. అంతకుముందు అది పదిహేను మందికి ఒకరు. నిష్పత్తిని సడలించాక కూడా ఖాళీలుంటే దాన్ని అన్నం పెట్టడం అనలేం.

అయితే మోసం ఇక్కడే జరుగుతుంది. మేడం చేసిన ఉపకారాన్ని తీసుకెళ్లి కాలేజీ తన ఖాతాలో జమ చేసుకుంటుంది. మంచి మనిషి పట్ల మనకున్న కృతజ్ఞతను అడ్డం పెట్టి వ్యవస్థ గురించి ప్రశ్న అడగనివ్వదు. 'అంత మంచి సార్లున్నారు కదా, ఇంకేం కావాలి?' అంటారు. ఆ మేడంకి వేసవి సెలవుల్లో జీతం రాదనీ, ఏటా కొత్త ఆర్డరు మీద సంతకం పెడుతుందనీ అప్పుడు గుర్తుకురాదు. నేను కూడా రెండేళ్లు డిగ్రీ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేశాను. పీరియడ్‌కింత అని డబ్బిచ్చే చోట, పీరియడ్ అయిపోయాక పిల్లల దగ్గర కూర్చునే ప్రతి నిమిషం మనం మన చేతి నుంచి పెట్టేదే. అలా కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే ఉండటం యాదృచ్ఛికం అనుకోను. ఇంట్లో జీతంలేని చాకిరీకి 'ప్రేమ' అని పేరు పెట్టినట్టే, కాలేజీలో దానికి 'అంకితభావం' అని పేరు పెడతారు.

మంచి మనిషి, చెడ్డ ఏర్పాటు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కొండగట్టు పేరు చెప్పగానే మా ప్రాంతంలో అందరికీ గుర్తొస్తుంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. గుట్ట మీది నుంచి ఘాట్ రోడ్డులో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. డ్రైవరూ చనిపోయాడు. ఆయన కొద్ది వారాల ముందే ఉత్తమ డ్రైవర్‌గా అవార్డు అందుకున్నాడని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. నేను ఆ మాటను చాలాసార్లు తలుచుకున్నాను. అవార్డు అబద్ధం కాకపోవచ్చు. ఆయన నిజంగానే మంచి డ్రైవరై ఉండొచ్చు. కానీ ఆ దారిలో అంత పెద్ద బస్సు, అంతమంది జనంతో దిగాల్సి వచ్చినప్పుడు ఒక మనిషి మంచితనం ఎంతవరకు ఆపగలదు? ఆ మంచితనానికి అవార్డులిచ్చి ఊరుకుంటే, ఇంకో బస్సు ఎందుకు వేయలేదన్న ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది. నలుగురు చేయాల్సిన పని ఒక్కరితో చేయిస్తూ, ఆ ఒక్కరికి ఉపాధ్యాయ దినోత్సవం రోజు శాలువా కప్పే కాలేజీలను చూసినప్పుడు నాకు ఆ ఘాట్ రోడ్డే గుర్తొస్తుంది.

బోధన వేరు, పాలన వేరు అని మనం మాట్లాడుతుంటాం. సార్లు మంచివాళ్లే, మేనేజ్‌మెంటే బాగాలేదు అంటాం. విద్యార్థి అనుభవంలో ఈ రెండూ విడివిడిగా ఉండవు. పుస్తకం తెరిచి కూర్చున్న పిల్లకు నీళ్లు లేని బాత్రూం కూడా పాఠమే. రోజంతా నీళ్లు తాగకుండా ఉండటం నేర్చుకుంటుంది. పేరు రాసివ్వాల్సిన అభిప్రాయ పత్రం కూడా పాఠమే. అడిగినప్పుడు ఏం చెప్పకూడదో నేర్చుకుంటుంది. వర్జీనియా వుల్ఫ్ 1928లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్, గిర్టన్ మహిళా కళాశాలల్లో ప్రసంగాలు చేసి, వాటినే మరుసటి ఏడాది 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంగా విస్తరించింది. అందులో మగవాళ్ల కళాశాలలో జరిగిన విందునీ ఆడవాళ్ల కళాశాలలోని పలచటి రాత్రి భోజనాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. సాహిత్య విమర్శ పుస్తకంలో భోజనం గురించి అంతసేపు ఎందుకని మొదటిసారి చదివినప్పుడు అనుకుంటాం. ఆలోచనకు తిండితో, గదితో, డబ్బుతో ఉన్న సంబంధాన్ని ఆమె పళ్లెంలోంచి చూపించింది. గిర్టన్ అసలు 1869లో కేంబ్రిడ్జ్‌కి దూరంగా హిచిన్ అనే ఊళ్లో మొదలైంది, తర్వాత 1873లో దగ్గరికి మారినా ఊరి బయటే ఉండిపోయింది. అక్కడి ఆడపిల్లలకు కేంబ్రిడ్జ్ పూర్తిస్థాయి డిగ్రీలిచ్చింది 1948లో. చదువుకోనిచ్చాం కదా, అదే చాలు అనే మాట వాళ్లు దాదాపు ఎనభై ఏళ్లు విన్నారు. వాళ్లు ఆ మాటతో సరిపెట్టుకుని ఉంటే ఆ డిగ్రీలు వచ్చేవి కావు.

ఇక మా చెల్లెలి ప్రశ్నలో ఉన్న రెండో మెలిక. అబ్బాయి ఫిర్యాదు చేస్తే అది ప్రిన్సిపాల్ దగ్గరికి పోతుంది. అమ్మాయి ఫిర్యాదు చేస్తే అది తండ్రి దగ్గరికి పోతుంది. చిన్న కాలేజీ పాలనలో ఇది ఎక్కడా రాయని, అందరికీ తెలిసిన నియమం. "మీ అమ్మాయి ఈ మధ్య లీడరైంది, కొంచెం చూసుకోండి" అని ఆఫీసు నుంచి ఒక ఫోన్ వస్తే చాలు. షోకాజ్ నోటీసు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. తండ్రి చెడ్డవాడు కానక్కర్లేదు కూడా. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "బాపు నన్ను కొట్టడు, తిట్టడు అక్కా. గట్ల కష్టమైతె ఇంటికి రా బిడ్డా అంటడు. గదే నాకు భయం."

ఈ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. కాలేజీ దండనా, ఇంటి ప్రేమా ఒకదాని పని ఒకటి ఎలా చేసిపెడతాయో ఇంతకంటే తేటగా ఏ సిద్ధాంత గ్రంథమూ నాకు చెప్పలేదు. పల్లెటూరి ఆడపిల్లలు అణకువగా ఉంటారని, ఫిర్యాదులు చేయరని, సర్దుకుపోతారని లెక్చరర్లు మెచ్చుకోవడం నేను స్టాఫ్ రూముల్లో విన్నాను. అది అణకువా కాదు, కృతజ్ఞతా కాదు. లెక్క. ఏ మాటకు ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో వాళ్లకు తెలుసు. నోరు తెరిస్తే పోయేది ఒక బాత్రూం తగాదా కాదు, మొత్తం చదువు. బరువు అంత ఎత్తున వేలాడుతున్నప్పుడు వచ్చే మౌనాన్ని సమ్మతిగా లెక్కవేయడం న్యాయం కాదు.

దీనికి తోడు మార్కులు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఒక సబ్జెక్టుకి 100 మార్కుల్లో 25 ఇంటర్నల్స్‌కి ఉండేవి. 2022 నిబంధనల నుంచి అవి 40 అయ్యాయి. ఏడాదంతా చేసే పనికి విలువ ఇవ్వాలన్న ఆలోచనలో తప్పులేదు. కానీ ఆ 40 ఎవరి చేతిలో ఉంటాయో వాళ్ల గురించే అభిప్రాయం రాయమని హాల్ టికెట్ నంబరుతో కాగితం ఇస్తే, ఆ కాగితం మీద వచ్చేది అభిప్రాయం కాదు, నమస్కారం.

చట్టం ఏమీ చేయలేదని అనను. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం ఒక స్త్రీ, దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల నుంచి కనీసం ఒకరు ఉండాలి. పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. అంతకుముందే, 2013లో యూజీసీ వేసిన 'సక్షమ్' కమిటీ, రక్షణ పేరుతో క్యాంపస్‌లో ఆడపిల్లల మీద నిఘా పెంచి వాళ్ల కదలికలను కట్టడి చేయకూడదని చెప్పింది. 2015 నాటి యూజీసీ నిబంధనలు కూడా, భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు పెట్టకూడదన్నాయి. ఇవన్నీ ఉన్నాయి. మా చెల్లెలి కాలేజీలో కూడా నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లున్నాయి. ఫిర్యాదు చేసిన పిల్ల ఇంటికి ఫోన్ చేయకూడదు అనే ఒక్క వాక్యం మాత్రం ఏ బోర్డు మీదా లేదు. ఆ వాక్యం లేకుండా మిగతావన్నీ ఉన్నా ఆడపిల్లలకు పెద్ద తేడా ఉండదని నా అనుమానం.

కృతజ్ఞులు ప్రశ్నించరు అనేది నిజమైతే 2022 జూన్‌లో బాసరలో జరిగినదాన్ని అర్థం చేసుకోలేం. ట్రిపుల్ ఐటీ విద్యార్థులు, వేల సంఖ్యలో, ఎండలోనూ వానలోనూ ప్రధాన ద్వారం దగ్గర బైఠాయించారు. జూన్ 14న మొదలై దాదాపు వారం రోజులు సాగింది. ఆడపిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్లు అడిగినవి పన్నెండు కోరికలు. పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ కావాలి, ఆయన క్యాంపస్‌లో ఉండాలి, తగినంతమంది అధ్యాపకులు కావాలి, తినగలిగే భోజనం కావాలి. ఆశ్చర్యంగా, ఇందులో ఒక్కటి కూడా కొత్త కోరిక కాదు. సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాటలే వాళ్లు తిరిగి అప్పజెప్పారు. ప్రభుత్వం చర్చలకు వచ్చాక విరమించి, తరగతులకు వెళ్లిపోయారు. మరుసటి నెల, జులైలో, మెస్‌లో తిని చాలామంది పిల్లలు ఆస్పత్రి పాలైనప్పుడు, వాసాలు లెక్కపెట్టినవాళ్లు ఎందుకు లెక్కపెట్టారో చూడనివాళ్లకు కూడా అర్థమై ఉండాలి. ఇల్లు కూలాలని కోరుకునేవాళ్లు గుమ్మం దగ్గర వారం రోజులు కూర్చోరు. టీసీ తీసుకుని వెళ్లిపోతారు.

నాకు ఎదురయ్యే ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. చిన్న కాలేజీ చిన్నదే. తనిఖీలో చెడ్డపేరు వస్తే అడ్మిషన్లు తగ్గుతాయి, తగ్గితే మూతపడుతుంది. మూతపడితే నష్టపోయేది యాజమాన్యం కాదు. ఆ స్థలం ఇంకో వ్యాపారానికి పనికొస్తుంది. నష్టపోయేది బస్సు దూరంలో చదువున్న కారణంగా మాత్రమే చదువుతున్న అమ్మాయిలు. మా చెల్లెలి సొంత చెల్లెలు ఆ ఏడాదే ఇంటర్ రాసింది. అదే కాలేజీలో చేరాలి. అక్క చెప్పే నిజం చెల్లె చదువుని ముంచుతుందా?

ఈ వాదనలో నిజం ఉంది. అయితే అది రెండు వైపులా కోస్తుంది. చెల్లె అక్కడే చేరబోతోంది కాబట్టి అక్క ఊరుకోవాలా, చెప్పాలా? ఊరుకుంటే చెల్లెకు దొరికేది తలుపు. చెప్తే, అదృష్టం బాగుంటే, ఆ తలుపు వెనక ఒక లెక్చరర్. ఆడపిల్లలకు చదువు అందుబాటులోకి తేవడం ఒక పోరాటం, ఆ అందినది చదువే అయ్యేలా చూడటం ఇంకో పోరాటం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని వాయిదా వేయమనడం మనకు కొత్త కాదు. ముందు స్వాతంత్ర్యం రానీయండి, ముందు విప్లవం రానీయండి, ముందు తెలంగాణ రానీయండి, ఆడవాళ్ల సమస్యలు తర్వాత చూద్దాం అని ప్రతి తరం వింది.

ఏకలవ్యుడి కథ ఇక్కడ గుర్తు రాకుండా ఉండదు. సాధారణంగా ఆ కథలో కులం గురించి మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి కూడా అందులో ఉంది. ద్రోణుడు అతనికి నేర్పలేదు. నేర్పకుండానే దక్షిణ అడిగాడు. బొమ్మ ముందు తనంతట తాను నేర్చుకున్న పిల్లవాడు ఆ విద్యకు రుణపడి ఉన్నాననుకుని వేలు ఇచ్చాడు. లెక్చరర్ లేని సబ్జెక్టుని ఫోన్లో చూసి నేర్చుకుని పాసైన పిల్లను, ఆ పాస్ శాతాన్ని మా ఘనతగా కమిటీకి చెప్పు అని అడగడంలో ఆ కథ తిరిగి నడుస్తోంది. వేలు బదులు నాలుక అడుగుతున్నారు. అది కూడా ఒకరోజు కోసమే కదా అంటున్నారు.

ఆ రాత్రి నేను ఆమెకు నిజం చెప్పమని అనలేదు. చెప్పొద్దనీ అనలేదు. "చెల్లే, నువ్వు చెప్పినా చెప్పకపోయినా తప్పు నీది కాదు. చెప్తే ఏమేం పోతుందో రాసుకో, చెప్పకపోతే ఏం పోతుందో రాసుకో. నష్టం మోసేది నువ్వు, నిర్ణయం కూడా నీదే" అన్నాను. ఇది తప్పించుకునే జవాబని కొందరికి అనిపించొచ్చు. నాకలా అనిపించదు. ఇతరుల ధైర్యం మీద మనకు హక్కు లేదు. ఖరీదు కట్టనవసరం లేనివాళ్లు ఖరీదు కట్టాల్సినవాళ్లను వీరులు కమ్మని అడగడం కూడా ఒక రకం పెత్తనమే. స్త్రీవాదం మౌనాన్ని బద్దలు కొట్టమంది, నిజమే. ఎవరి మౌనం ఎంత ఖరీదైనదో ముందు కనుక్కోమని కూడా అదే చెప్పింది.

ఆమె ఏం చేసిందంటే, గణితం మేడం గురించి మూడు వాక్యాలు చెప్పింది. లైబ్రరీ గురించి ఒకటి. తర్వాత, రెండో సంవత్సరంలో ఫలానా సబ్జెక్టుకి రెండున్నర నెలలు ఎవరూ రాలేదని, ఆడపిల్లల బాత్రూంలో నీళ్లు రావని చెప్పింది. కొత్త ముఖాల సంగతి ఎత్తలేదు. "వాళ్లు గూడ నౌకరి కోసం వచ్చినోళ్లే గదక్కా, వాళ్ల పొట్ట మీద నేనెందుకు కొడుత?" అంది. ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అనే ఆ ఎంపికలో నాకు కనిపించిన నైతిక సూక్ష్మత చాలా సిద్ధాంత చర్చల్లో కనిపించలేదు. కమిటీలోని ఒక సభ్యుడు రాసుకున్నాడట. మరొకరు గడియారం చూసుకున్నారట. సాయంత్రం వాళ్ల బాపుకి ఫోన్ వచ్చింది. ఆయన "నా బిడ్డ అబద్ధం చెప్పిందా సార్?" అని అడిగాడట. అవతలివాళ్లు లేదన్నారట. అంతటితో ఆ ఫోన్ అయిపోయింది. అన్ని ఇళ్లలోనూ అలా అయిపోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నీళ్లు వచ్చాయి. లెక్చరర్ల ఖాళీలు అలాగే ఉన్నాయి. చెల్లె అక్కడే చేరింది.

ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లం. మనలో కొందరం అలాంటి కమిటీల్లో కూర్చుంటాం. కొందరం ఫిర్యాదుల కమిటీ జాబితాలో ఆ 'కనీసం ఒక స్త్రీ'గా పేరు ఇచ్చి ఉంటాం. మనముందుకు పన్నెండు మందిని ఎంపిక చేసి పంపుతారు. వాళ్లు చెప్పేది రాసుకుంటాం. ఎంపిక చేయని వాళ్లతో మాట్లాడతామని మనం పట్టుబట్టొచ్చు. అభిప్రాయ పత్రాల మీద నంబర్లెందుకున్నాయని అడగొచ్చు. ఇంటికి ఫోన్లు చేయబోమని రాతపూర్వకంగా తీసుకోవచ్చు. ఆడపిల్లల బాత్రూంలో పంపు మనమే తిప్పి చూడొచ్చు. ఇవి చేసినందుకు మనల్ని ఎవరూ ఇంటికి రమ్మనరు. మహా అయితే ఇంకోసారి కమిటీకి పిలవరు.

ఇరవై ఏళ్ల పిల్ల చదువునంతా పణంగా పెట్టి చెప్పాల్సిన నిజం, మనం ఒక భత్యం పోగొట్టుకుని తెలుసుకోగలిగినదై ఉన్నప్పుడు, ఆ బాధ్యత ఎవరిదో తేల్చడానికి పెద్ద తత్వశాస్త్రం అక్కర్లేదు. వాసాలు లెక్కపెట్టడం మన పని. వాళ్లను ఆ కప్పు కింద చదువుకోనిద్దాం.